తెచ్చుకున్న బిడ్డ – ఇచ్చిన తల్లి

విదేశం నుంచి ఒక బిడ్డను తెచ్చుకొని పెంచుకోవడం ఇతివృత్తంగా గత పాతికేళ్ళలో వచ్చిన చిత్రాలనూ రచనలనూ కొన్నింటిని ఈ మధ్య వరసపెట్టి చూశాను, చదివాను. వేర్వేరు దేశాల్లో, వేర్వేరు భాషల్లో, వేర్వేరు ఉద్దేశాలతో వచ్చినవి అవి. అయినా వాటిలో చాలా వాటికి ఒక పోలిక వుంది. కథ విమానాశ్రయం దగ్గర పతాకస్థాయికి చేరుతుంది. తలుపులు తెరుచుకుంటాయి, బిడ్డ వస్తుంది, ఏళ్ళ తరబడి ఎదురుచూసిన చేతులు అందుకుంటాయి. తెర మీద వాళ్ళూ ఏడుస్తారు, చూసేవాళ్ళమూ ఏడుస్తాం. ఆ కన్నీళ్ళు అబద్ధమని నేను అనడం లేదు. కాని ఆ సన్నివేశంలో వుండవలసిన ఒక మనిషి అక్కడ లేదు. ఆ లేని మనిషిని రచయిత ఏం చేశాడన్నదాన్ని బట్టే ఈ వస్తువు మీద వచ్చిన రచన విలువను నిర్ణయించాలని నా అభిప్రాయం.

నేను తెలుగు పాఠం చెప్పుకొని బతికే మనిషిని గనుక విషయాన్ని వాక్యం దగ్గర నుంచే మొదలుపెడతాను. ‘‘వాళ్ళు ఒక బిడ్డను తెచ్చుకున్నారు’’ అంటాం. ‘తెచ్చారు’ అనడానికీ ‘తెచ్చుకున్నారు’ అనడానికీ తేడా వుంది. ‘కొను’ చేరితే ఆ పని ఫలం చేసినవాడికే చెందుతుంది. (అదే ‘కొను’ విడిగా నిలబడితే వెల ఇచ్చి తీసుకోవడమవుతుంది. వ్యుత్పత్తుల మీద వాదాలు కట్టడం పండితుల పాత జబ్బు కనుక దాని జోలికి పోను.) అసలు సంగతి వేరే వుంది. తెచ్చుకోవడమనే క్రియకు ‘ఎవరి నుంచి’ అనే ప్రశ్న వెంటే వస్తుంది. దానికి మనం చెప్పే జవాబు ‘కొరియా నుంచి’, ‘ఇండియా నుంచి’, ‘చైనా నుంచి’. ఒక మనిషి పేరు వుండవలసిన చోట ఒక దేశం పేరు వచ్చి కూర్చుంటుంది. దేశానికి కడుపు వుండదు, పాలు రావు, తర్వాత వచ్చి ఉత్తరం రాసి ఇబ్బంది పెట్టదు. అందుకని ఆ వాక్యం అందరికీ సౌకర్యంగా వుంటుంది.

మన పాత దత్తత సంగతి చూడండి. అది భూస్వామ్య సమాజపు ఏర్పాటు. ఆస్తి నిలవడానికీ, పిండం పెట్టడానికీ మగపిల్లవాణ్ణి దగ్గర బంధువుల్లోనో, కులంలోనో చూసి తెచ్చుకునేవారు. ఆడపిల్లకు అందులో చోటు లేదు. 1956 నాటి హిందూ దత్తత చట్టం వచ్చాకనే ఆడపిల్లను దత్తత తీసుకోవడానికీ, స్త్రీ తన పేరున దత్తత తీసుకోవడానికీ దారి ఏర్పడింది. అటువంటి ఆచారాన్ని వెనకేసుకురావలసిన అవసరం అభ్యుదయవాదికి లేదు. కాని అందులో ఒక అంశాన్ని గమనించాలి. ఇచ్చేవాళ్ళు పీటల మీద కూర్చోవాలి. తీసుకునేవాళ్ళ చేతుల్లో బిడ్డను పెట్టాలి. ఆ ఇవ్వడం, పుచ్చుకోవడం నిజంగా జరిగితేనే దత్తత చెల్లుతుందని 1956 చట్టం కూడా చెబుతోంది. ఊరంతటికీ ఎవరి బిడ్డ ఎవరింటికి పోయిందో తెలుసు. ‘‘ఆయన ఫలానా వాళ్ళింటికి దత్తు వెళ్ళాడు’’ అంటారు పల్లెల్లో. ఆ ‘వెళ్ళాడు’లో వదిలి వచ్చిన ఇల్లు కూడా వుంది. ఇరవయ్యో శతాబ్దపు అంతర్జాతీయ దత్తత ఈ పీటను ఎత్తివేసింది. ఇచ్చినవాళ్ళు కాగితంలోకి పోయారు. ఆ కాగితం సొరుగులోకి పోయింది.

పురాణాల్లో ఇది లేదా అని ఎవరైనా అడగవచ్చు. వుంది. వసుదేవుడు రాత్రికి రాత్రి యమున దాటి బిడ్డను వ్రేపల్లెకు చేర్చడం కంటే పెద్ద తరలింపు ఏముంటుంది? శతాబ్దాలుగా మన కవులు యశోద ముద్దుమురిపాలను పాడుతూ వచ్చారు. ఆ రాత్రి యశోద పక్కలో నుంచి ఎత్తుకుపోయిన ఆడపిల్ల సంగతి ఒక పద్యంలో ముగిసిపోతుంది. ఆ పిల్ల కోసం యశోద చేత ఏడిపించిన కవి నా చదువులో తగల్లేదు. తనకు ఒక కూతురు పుట్టిందన్న సంగతే ఆమెకు తెలియనివ్వలేదు గదా!

ఆధునిక కాలంలో ఈ తరలింపు ఒక వ్యవస్థగా రూపుదిద్దుకున్నది కొరియా యుద్ధం తర్వాత. 1953లో యుద్ధం ఆగింది. 1955లో ఆరెగాన్ రాష్ట్రానికి చెందిన హోల్ట్ దంపతులు, అమెరికా కాంగ్రెసు ప్రత్యేకంగా చేసిన శాసనం సాయంతో, ఎనిమిది మంది కొరియా పిల్లల్ని తెచ్చుకున్నారు. పత్రికలు విమానాశ్రయంలో ఫోటోలు తీశాయి. ఇందాక చెప్పిన పతాక సన్నివేశానికి నకలు ప్రతి అక్కడే తయారయిందని నా ఊహ. యుద్ధం పోయింది, దేశం సంపన్నమయింది, అయినా తరలింపు ఆగలేదు. 1955 నుంచి 1999 లోపల లక్షా నలభై వేలకు పైగా పిల్లలు దక్షిణ కొరియా నుంచి బయటికి పోయారు. కన్నవాళ్ళు బతికివున్న పిల్లలకు కూడా, తన కుటుంబంలో తానొక్కరే సభ్యులైనట్టు అనాథ పత్రాలు పుట్టించారు. ఇది ఎవరో ఉద్యమకారులు చేసిన ఆరోపణ మాత్రమే కాదు. దక్షిణ కొరియా సత్యశోధన సంఘం 2025 మార్చిలో ఫిర్యాదుదారుల్లో 56 మందిని మానవహక్కుల ఉల్లంఘనకు గురైనవారిగా గుర్తించింది. ప్రభుత్వమే బాధ్యత వహించి క్షమాపణ చెప్పాలని సిఫారసు చేసింది. నెదర్లాండ్స్ 2024లో ఇటువంటి దత్తతలకు స్వస్తి చెప్పాలని నిర్ణయించింది. అదే ఏడాది సెప్టెంబరులో చైనా తన పిల్లల్ని విదేశాలకు ఇవ్వడం మానుకుంది. అంటే ఒక యుగం ముగుస్తోంది. ముగిసే యుగానికి సాహిత్యం లెక్క చూసుకోవాలి.

మన దేశంలో ఆ లెక్క మొదట కోర్టులో చూశారు. లక్ష్మీకాంత్ పాండే కేసులో 1984లో జస్టిస్ భగవతి ఇచ్చిన తీర్పు అది. విదేశీయులు అప్పటికి ఇక్కడ దత్తత తీసుకోవడానికి చట్టం లేదు. 1890 నాటి సంరక్షకుల చట్టం కింద బిడ్డకు సంరక్షకులుగా అనుమతి పొంది, తమ దేశం తీసుకుపోయి, అక్కడ దత్తత చేసుకునేవారు. అంటే బిడ్డ ఇక్కడ దత్తత పోలేదు, అక్కడ దత్తత వచ్చింది. మధ్యలో విమానంలో వున్నంతసేపూ ఆ బిడ్డ ఎవరికి చెందుతుంది? ఒక మంచి కథకుడికి ఇంతకంటే వస్తువు ఏం కావాలి! మన కథకులెవరూ అందుకున్నట్టు నాకు కనపడలేదు.

ఇక రచనల దగ్గరికి వద్దాం. ముందుగా అందరికీ తెలిసినది. సరూ బ్రయర్లీ ‘ఎ లాంగ్ వే హోమ్’ (2013), దాని ఆధారంగా గార్త్ డేవిస్ తీసిన ‘లయన్’ (2016). మధ్యప్రదేశ్‌లో ఖండ్వా పట్నం, అందులో గణేశ్ తలాయి అనే పేదల పేట. రాళ్ళు మోసి పిల్లల్ని సాకే తల్లి. అయిదేళ్ళ పిల్లవాడు 1986లో బుర్హాన్‌పూర్ స్టేషన్‌లో అన్నకోసం ఎదురుచూస్తూ రైలెక్కి నిద్రపోయి హౌరాలో తేలాడు. ఊరి పేరు సరిగా పలకలేడు. కలకత్తా వీధులు, పిల్లల జైలు లాంటి ఒక వసతిగృహం, తర్వాత దత్తత సంస్థ, 1987లో ఆస్ట్రేలియాలో టాస్మేనియా ద్వీపం. పాతికేళ్ళ తర్వాత కంప్యూటరు తెర మీద ఉపగ్రహ చిత్రాల్లో రైలు పట్టాల వెంట వెతుక్కుంటూ వచ్చి 2012లో తల్లిని కలుసుకున్నాడు.

చిత్రంలో మొదటి సగం అద్భుతంగా వుంది. ఆ సగంలో ఇంగ్లీషు దాదాపు వినపడదు. కెమెరా పిల్లవాడి ఎత్తులో నడుస్తుంది. పెద్దవాళ్ళ మోకాళ్ళూ, ప్లాట్‌ఫారం అంచులూ, రైలు కిటికీ ఊచలూ. దారిద్ర్యాన్ని వింతగా చూపించే పాశ్చాత్య చిత్రాల ధోరణి ఇందులో తక్కువే. తల్లి రాళ్ళెత్తుతుంది. కొడుకు తానూ ఎత్తగలనని చూపించబోతాడు. శ్రమనూ ప్రేమనూ విడదీయకుండా ఒకే చోట చూపించిన దృశ్యాలవి. కాని పిల్లవాడు సముద్రం దాటిన దగ్గర నుంచి తల్లి ఒక జ్ఞాపకంగా మారిపోతుంది. కొండ మీద నిలబడుతుంది, గాలిలో కొంగు ఎగురుతుంది, మెత్తగా నవ్వుతుంది. రాళ్ళు మోసిన మనిషి మబ్బులాంటి మనిషయిపోయింది. ఈ పాతికేళ్ళు ఆమె ఏం చేసింది? పుస్తకంలో జవాబు వుంది. కొడుకు ఎప్పటికైనా వస్తే వెతుక్కోవడానికి వీలుగా ఆ పేట వదిలి పోకుండా అక్కడే వుండిపోయింది. పెద్ద కొడుకు ఆ రాత్రే రైలు పట్టాల మీద చచ్చిపోయాడు. ఒక రాత్రి ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకున్న కూలి మనిషి, పోలీసులనూ దేవుళ్ళనూ అడిగి తిరిగిన మనిషి. ఇది మరో చిత్రానికి చాలినంత కథ. చిత్రకారులు దాన్ని చివరి పది నిమిషాల్లో సర్దేశారు. ముగింపులో ఇద్దరు తల్లులూ కలుసుకున్న నిజమైన దృశ్యం వేస్తారు. మన గుండె కరుగుతుంది. కాని ఆ పాటికి చిత్రం అయిపోయింది.

పెంచిన తల్లి పాత్ర గురించి కూడా చెప్పాలి. తమకు పిల్లలు పుట్టక కాదు, ప్రపంచంలో దిక్కులేని పిల్లలు చాలామంది వుండగా కొత్తగా కనడం ఎందుకని తెచ్చుకున్నామని ఆమె చెప్పే సన్నివేశం చిత్రానికి ఆయువుపట్టు. ఆ నమ్మకంలో కపటం లేదు. నిజ జీవితంలో ఆ తల్లి పిల్లవాడి గదిలో గోడమీద భారతదేశపు పటం పెట్టిందని పుస్తకం చెబుతుంది. అది చిన్న విషయం కాదు. ఆ పటమే అతన్ని ఇంటికి తిరిగి నడిపించింది. అయితే అదే ఇంటికి వచ్చిన రెండో పిల్లవాడి సంగతి? అతను తలను గోడకేసి కొట్టుకుంటాడు, చెప్పిన మాట వినడు, విజయగాథకు లొంగడు. చిత్రం అతన్ని జాలిగా చూసి పక్కకు తప్పుకుంటుంది. కృతజ్ఞత చూపలేని బిడ్డను ఏం చేయాలో ఈ కథల శిల్పానికి తెలియదు.

ఇక్కడ మానవతావాదుల అభ్యంతరం ఒకటి ఎదురవుతుంది. ‘‘ఆ బిడ్డ అక్కడే వుంటే ఏమయ్యేవాడు? కలకత్తా వీధుల్లో చచ్చేవాడు కాదా?’’ అని. నిజమే కావచ్చు. దత్తత సంస్థ వాళ్ళు కలకత్తాలో అతని వాళ్ళకోసం ప్రయత్నించాకనే పంపించారు. దొరకని పరిస్థితిలో ఆ దంపతులు చేసింది మంచి పని. నేను వాదించేది దానితో కాదు. ఈ అభ్యంతరంలో పోలిక ఎప్పుడూ రెండింటి మధ్యే జరుగుతుంది. ఒకటి కలకత్తా వీధి, రెండోది హోబార్ట్ నగరంలో ఇల్లు. మూడోది ఖండ్వా. బిడ్డ కోసం ఎదురుచూస్తున్న ఒక తల్లీ, ఒక చెల్లెలూ, ఒక గదీ వున్న ఖండ్వా. అది పోలికలోకే రాదు. ఆ పిల్లవాడు పలికిన ముక్కచెక్కల పేరును పట్టుకొని ఖండ్వా దాకా పోగల యంత్రాంగం లేదు. సముద్రం అవతలికి పంపగల యంత్రాంగం వుంది. ఎందుకు ఒకటి వుండి ఒకటి లేదన్నది రచయిత అడగవలసిన ప్రశ్న. ‘లయన్’ అడగదు. చివర్లో ఏటా తప్పిపోయే పిల్లల సంఖ్యను తెర మీద అక్షరాలతో చూపించి ఊరుకుంటుంది.

బెర్ట్రాండ్ టావెర్నియే ‘హోలీ లోలా’ (2004) దీనికి పూర్తిగా భిన్నం. ఫ్రాన్సులో ఒక పల్లె ప్రాంతపు డాక్టరూ, అతని భార్యా బిడ్డ కోసం కంబోడియా వెళతారు. నామ్‌పెన్‌లో ఒక హోటలు నిండా వాళ్ళలాంటి జంటలే. ఏ అనాథాశ్రమంలో పసిపిల్లలున్నారు, ఏ అధికారికి ఏ బహుమతి ఇష్టం, ఎవరి ఫైలు ఎక్కడ ఆగింది – ఇవీ వాళ్ళ మాటలు. ఒకరికి బిడ్డ దొరికితే మిగిలినవాళ్ళు అభినందిస్తారు, రాత్రి గదిలో ఏడుస్తారు. సంతానం కోసం తపించే మనుషుల్ని బజారు ఎలా కొనుగోలుదారులుగా మారుస్తుందో, అది వాళ్ళకే తెలియకుండా ఎలా జరుగుతుందో టావెర్నియే నిర్దాక్షిణ్యంగా చూపించాడు. వాళ్ళ మీద మనకు అసహ్యం కలగనివ్వలేదు. అది గొప్ప సంయమనం. అయినా కన్నతల్లి ఇక్కడా లేదు. కాని ఈ లేకపోవడం ‘లయన్’లో లేకపోవడం లాంటిది కాదు. ఇక్కడ అది దాచిపెట్టిన ఖాళీ కాదు, అందరూ దాని చుట్టూ తిరుగుతున్న ఖాళీ. బిడ్డ ఎక్కడి నుంచి వచ్చిందని అడగడానికి భయపడే ముఖాలను చూపించడం కూడా ఒక రకం వాస్తవికతే.

మన భాషలో ‘అమృత’గా వచ్చిన మణిరత్నం తమిళ చిత్రం ‘కన్నత్తిల్ ముత్తమిట్టాల్’ (2002) మరో రకం. విదేశం నుంచి తెచ్చుకోవడమంటే మనం ఎప్పుడూ తెల్లవాళ్ళు మన బిడ్డను తీసుకుపోవడాన్నే ఊహించుకుంటాం. ఇందులో తీసుకున్నవాళ్ళం మనమే. శ్రీలంక నుంచి పడవలో రామేశ్వరం శిబిరానికి వచ్చిన ఒక శరణార్థి స్త్రీ బిడ్డను కని, వదిలి, తిరిగి వెళ్ళిపోతుంది. మద్రాసు మధ్యతరగతి దంపతులు పెంచుకుంటారు. తొమ్మిదో పుట్టినరోజున నిజం చెబుతారు. పిల్ల తల్లిని చూపించమంటుంది. యుద్ధం నడుస్తున్న లంకకు ముగ్గురూ వెళతారు.

ఈ చిత్రాన్ని మన విమర్శకులు పాటల కోసమూ, ఛాయాగ్రహణం కోసమూ మెచ్చుకున్నారు. నాకు ముఖ్యమైనది వేరు. పిల్ల తల్లిని కలిసినప్పుడు ప్రశ్నల జాబితా ఒకటి రాసుకొని వెళుతుంది. పరీక్షకు వెళ్ళినట్టు ఒక్కొక్కటే అడుగుతుంది. తల్లి జవాబు చెప్పలేదు. ఇవ్వబడిన బిడ్డ, ఇచ్చిన తల్లి ఎదురెదురుగా కూర్చుంటే ఏం జరుగుతుందో జనాదరణ కోసం తీసే చిత్రంలో ఇంత సూటిగా చూపించడం సాహసమే. లోపం మరో చోట వుంది. తల్లికి పీట వేశారు గాని ఆమెకు ఒకే కారణం ఇచ్చారు – పోరాటం. ఆ పోరాటం ఎందుకు, ఎవరి మీద, 1983 జూలై మారణకాండకు వెనకా ముందూ ఏం జరిగింది అన్నది చిత్రంలో వుండదు. యుద్ధం తుఫానులాగా వస్తుంది, పోతుంది. కనుక తల్లి త్యాగం కూడా వర్షంలో తడిసిన ఒక దృశ్యంగా మిగులుతుంది. ఇవ్వడానికి చారిత్రక కారణం వున్న తల్లిని చరిత్ర లేకుండా చూపించారు. పిల్ల ప్రశ్నలకు తల్లి జవాబు చెప్పలేకపోవడం సహజం. దర్శకుడు కూడా చెప్పలేకపోవడం సహజం కాదు.

పెరిగి పెద్దయిన బిడ్డలే కలం పట్టిన రచనలు కొన్ని వచ్చాయి. వాటిలో జేన్ జెయాంగ్ ట్రెంకా ‘ది లాంగ్వేజ్ ఆఫ్ బ్లడ్’ (2003) చెప్పుకోదగ్గది. 1972లో సియోల్‌లో పుట్టి, అక్కతో పాటు అమెరికాలో మిన్నెసోటా పల్లెకు చేరిన ఆమె, కన్నతల్లి రాసిన ఉత్తరాల వల్ల తిరిగి ఆమెను కలుసుకుంది. ఆ పుస్తకం ఒక తీరున సాగదు. జ్ఞాపకం, ఉత్తరం, కల, నాటకపు సంభాషణ – ఇవన్నీ కలగాపులగంగా వస్తాయి. మన విమర్శకుల్లో కొందరు దీన్ని పాశ్చాత్యుల రూపవాద వ్యామోహమని కొట్టివేయవచ్చు. నేను ఒప్పుకోను. తల్లితో మాట్లాడడానికి తల్లిభాష మిగలని మనిషి కథను వరసగా చెప్పడమే కృత్రిమం అవుతుంది. ఇక్కడ రూపం వస్తువు నుంచే పుట్టింది. ఆమె పుస్తకం రాసి ఊరుకోలేదు. కొరియాకు తిరిగి వెళ్ళి, 2011లో అక్కడి దత్తత చట్టం మారడానికి జరిగిన ఆందోళనలో పనిచేసింది. రచయిత బాధ్యత గురించి మనం సభల్లో చేసే తీర్మానాలకు ఇది ఒక ఉదాహరణగా పనికివస్తుంది.

ఇప్పుడు మన సంగతి. 1999లో ఒకసారి, మళ్ళీ 2001లో హైదరాబాదు చుట్టుపక్కల కొన్ని దత్తత సంస్థల మీద పోలీసు కేసులు నడిచాయి. నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతంలోనూ, ఇతర జిల్లాల్లోనూ లంబాడీ తండాల నుంచి ఆడశిశువులను వందల్లోనూ, కొద్ది వేలల్లోనూ కొని, విదేశీ దత్తతకు సిద్ధం చేశారన్నది అభియోగం. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. పత్రికల్లో ఉయ్యాలల వరసల ఫోటోలు వచ్చేవి. వాటి కింద రాసిన వ్యాఖ్యల్లో ఎక్కువ భాగం తల్లుల మీదే. బిడ్డల్ని అమ్ముకునే జాతి అన్నట్టుగా రాశారు. తర్వాత ఉద్యోగంలో చేరి ఆ ప్రాంతపు బడిలో కొన్నేళ్ళు పనిచేశాను. ఆ నేలను చూసినవాడికి అలాంటి వ్యాఖ్య రాయడానికి చెయ్యి రాదు. వాన లేని మెట్ట, బోర్లలో ఫ్లోరైడు నీరు, ఏడాదిలో సగం వలస. అంతకుముందు లంబాడీల్లో పెళ్ళికొడుకు వాళ్ళే ఆడపిల్ల వాళ్ళకు ఓలి ఇచ్చేవారు. మైదాన ప్రాంతపు కులాల సహవాసంలో అది తలకిందులై కట్నమయింది. ఒక తరంలో ఆడపిల్ల ఆస్తి నుంచి అప్పుగా మారిపోయింది. ఆ మూడో ఆడపిల్ల పుట్టిన ఇంటి ముందుకు మధ్యవర్తి వచ్చి నిలబడ్డాడు. ఇక్కడ కొన్నది ఎవరు, అమ్మింది ఎవరు, లాభం ఎవరిది అన్న లెక్క వేయకుండా తల్లి ప్రేమ గురించి సంపాదకీయం రాయడం సులువు.

పేదరికమనీ, ఆడపిల్ల అనీ కారణం చెప్పి బిడ్డను వదులుకోవడాన్ని సంస్థలు అంగీకరించరాదని అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2001లో ఉత్తర్వు ఇచ్చింది. ఆ కారణాలతో ఇవ్వడాన్ని నిషేధించారు. కారణాలు అలాగే వున్నాయి. 2015 చట్టం వచ్చాక బిడ్డను అప్పగించిన తల్లికి మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు వుంది. ఇది మంచి మార్పు. కాని ఆ రెండు నెలల్లో ఆమెకు పని గాని, మరో ఆసరా గాని దొరకకపోతే గడువు దేనికి?

ఇంకొక మార్పును మన రచయితలు గమనించాలి. ఇవాళ మన దేశం నుంచి బయటికి దత్తత పోయే పిల్లల సంఖ్య ఏడాదికి వందల్లోకి దిగింది. తీసుకునేవాళ్ళలో ప్రవాస భారతీయులు వున్నారు. నిబంధనల్లో వాళ్ళకు ఇక్కడ వుండేవాళ్ళతో సమానమైన వరస వుంది. అంటే డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో వున్న తెలుగు దంపతులు వచ్చి ఇక్కడి శిశుగృహం నుంచి బిడ్డను తమ ఇంటికి తీసుకుపోవచ్చు. ‘విదేశీ దత్తత’ అనగానే తెల్ల చర్మం, నల్ల చర్మం అని చిత్రించుకునే సౌకర్యం ఇక్కడ పనిచేయదు. బిడ్డ రంగు కలుస్తుంది, భాష కూడా కలవవచ్చు. వర్గం కలవదు, బహుశా కులమూ కలవదు. అమెరికా తెలుగు కథల్లో ఒంటరితనం గురించీ, ముసలి తల్లిదండ్రుల గురించీ కావలసినన్ని చదివాను. నేను చదివినంతలో ఈ బిడ్డ ఎదురుకాలేదు.

చివరగా ఒక చిత్రం. జాన్ సేల్స్ ‘కాసా డి లాస్ బేబిస్’ (2003). నేను చూసినవాటిలో దీనికే మొదటి స్థానం ఇస్తాను. పేరు చెప్పని ఒక లాటిన్ అమెరికా దేశం. సముద్రం ఒడ్డున హోటలు. బిడ్డల కోసం వచ్చిన ఆరుగురు స్త్రీలు అక్కడి చట్టం ప్రకారం కొంతకాలం అక్కడే వుండితీరాలి. వాళ్ళు ఎండలో కూర్చొని ఒకరి గురించి ఒకరు చెప్పుకుంటూ రోజులు గడుపుతారు. హోటలు బయట వీధి పిల్లలు రంగు పీల్చి మత్తులో పడుకుంటారు. వాళ్ళను ఎవరూ దత్తత తీసుకోరు, వాళ్ళకు వయసు మీరింది. కన్నవాళ్ళూ, కొన్నవాళ్ళూ, మధ్యలో గదులు అద్దెకిచ్చేవాళ్ళూ, పని దొరకని మగవాడూ, గర్భంతో వున్న చిన్న పిల్లా అందరూ ఒకే వీధిలో తిరుగుతుంటారు. ఒక ఆర్థిక వ్యవస్థ అడ్డకోత చూపించినట్టు వుంటుంది. అయినా ఎక్కడా ఉపన్యాసం లేదు. కథ కొంచెం పలచబడిందని అనవచ్చు. ఆరుగురిలో ఇద్దరు ముగ్గురి మీదే దర్శకుడి మనసు నిలిచింది.

అందులో ఒక సన్నివేశం. ఐలీన్ అనే ఐరిష్ స్త్రీ, పెద్దగా డబ్బు లేనిది, తన గదిలో వుంది. అసున్సియోన్ అనే పనిపిల్ల గది శుభ్రం చేయడానికి వస్తుంది. ఐలీన్ తన ఊహలో వున్న కూతురి గురించి ఇంగ్లీషులో చెబుతుంది. మంచు కురిసి బడికి సెలవిచ్చిన ఒక రోజు, తల్లీ కూతురూ కలిసి ఎలా గడుపుతారో చిన్న చిన్న వివరాలతో చెబుతుంది. పనిపిల్లకు ఒక్క ముక్క అర్థం కాదు. తర్వాత ఆమె స్పానిష్‌లో చెబుతుంది. తాను కన్న కూతుర్ని ఉత్తరాదికి ఇచ్చేశానని, ఆ పిల్లకు నీలాంటి తల్లి దొరికివుంటే బాగుండునని. ఐలీన్‌కు ఒక్క ముక్క అర్థం కాదు. పీటల మీద ఎదురెదురుగా కూర్చోవలసిన ఇద్దరు ఒకే గదిలో కూర్చున్నారు. ఇద్దరి మాటలూ తెలిసింది కింద అనువాదం చదువుకునే ప్రేక్షకుడికి మాత్రమే.

దేవరకొండ తల్లుల భాష గోర్‌బోలి. దానికి సొంత లిపి లేదు. మనకు ఆ భాష రాదు, అందుకని వాళ్ళ కథ మన చేతుల్లోకి రాలేదని ఇంతకాలం చెప్పుకుంటూ వచ్చాం. ఇప్పుడు తండాల్లో పుట్టిన యువకులే తెలుగులో రాస్తున్నారు. గోర్ బంజారా కథల సంపుటి ‘ఢావ్లో’కు రమేశ్ కార్తీక్ నాయక్ 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం అందుకున్నాడు. 1999, 2001 ప్రాంతంలో తండా నుంచి పోయిన పసిపిల్లలు ఇవాళ వాళ్ళకు ఇంచుమించు ఈడువాళ్ళు. వాళ్ళలో ఎవరో ఒకరు ఏ దేశంలోనో తమ కాగితాలు తెరిచి చూసుకుంటూ వుంటారు. వాళ్ళ తల్లుల్లో చాలామందికి ఇంకా యాభై నిండివుండవు.